కోటులో దాచిన ఫీజు

ఆ ఉదయం టైలరు పెట్టుకున్న పనులు మూడే. గడ్డం గీయించుకోవడం, దుకాణంలో ఓ కోటు లైనింగ్ విప్పడం, ఒంటిగంటలోగా కూతురి కాలేజీ ఫీజు కట్టేయడం. గడువు ఆ రోజుతో సరి. కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. రెండో పని ముందు చేసుంటే ఈ కథే ఉండేది కాదు. కానీ పిల్లని కాలేజీలో చేర్చే తండ్రి మాసిన గడ్డంతో కనిపిస్తే బాగుండదని అతనికి తోచింది.

ఫీజు డబ్బు లైనింగులోకి ఎందుకెళ్ళిందంటే, దానికి కారణం బావమరిది. ఇంట్లో నాలుగు రాళ్ళు ఎక్కడ దాచినా వాసన పట్టి చేబదులు అడిగేవాడు. తమ్ముడికి లేదనడం టైలరు భార్యకు చేతకాదు. అందుకని ఆమెకు కూడా చెప్పకుండా, కుట్టుపనివాడికే తట్టే చోట దాచాడు. అది మైకు మాస్టారి కోటు. చేతికందిన మైకు వదలరు కాబట్టి ఆయనకా పేరు. కొలతలిచ్చి వెళ్ళి ఏళ్ళవుతున్నా ఆయన మళ్ళీ ఇటు తొంగి చూడలేదు. కుట్టుకూలి ఎగ్గొట్టినవాళ్ళ కోటంత భద్రమైన చోటు బ్యాంకులో కూడా ఉండదని టైలరు నమ్మకం.

నున్నటి గడ్డంతో తిరిగొచ్చేసరికి కొక్కెం ఖాళీగా ఉంది.

"మాస్టారు వచ్చి కోటు పట్టుకెళ్ళారండీ. పాత బాకీ అంతా ఇచ్చేశారు," అంది భార్య సంబరంగా. "ఇవాళ కాలేజీలో ఆయన ఉపన్యాసమట."

టైలరు ఖాళీ కొక్కెం పట్టుకున్నాడు. "అందులో..." అని ఆగిపోయాడు. స్టూలు మీద బావమరిది చెవులు రిక్కించి కూర్చున్నాడు. "అందులో సూది మర్చిపోయాను."

"సూదికే ఇన్ని చెమటలా బావా?" అన్నాడు బావమరిది. జన్మలో మొదటిసారి సాయం చెయ్యాలనిపించి, కాలేజీ గేటు దగ్గరున్న తన స్నేహితుడికి ఫోన్ చేశాడు. "మాస్టారి కోటులో ఏదో ఉందట్రా. మా బావ హడలిపోతున్నాడు."

టైలరు కత్తెర జేబులో పెట్టుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని పరుగెత్తాడు. వాళ్ళు చేరేలోపు ఆ మాట గేటు దాటి, మెట్లెక్కి, సభలోకి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ 'కోటులో ఏదో దాచారట' అయింది. ఫీజుల కౌంటర్ మూసి ఉంది.

"గుమాస్తా గారు కూడా ఉపన్యాసానికే వెళ్ళారట నాన్నా," అంది కూతురు.

పెంచిన ఫీజుల మీద విద్యార్థులు అలిగి కూర్చుంటే, నచ్చజెప్పమని ప్రిన్సిపాల్ మాస్టారిని పిలిపించారు. హాలు కిటకిటలాడుతోంది. "ఉచితంగా వచ్చినదానికి విలువుండదు," అంటున్నారు మాస్టారు. "డబ్బు కడితేనే చదువు ఒంటబడుతుంది."

"చదువు సంగతేమో గానీ, మన ఫీజు మాత్రం ఆయన ఒంటి మీదే ఉందమ్మా," అని గొణిగి టైలరు వేదికెక్కాడు. "మాస్టారూ, ఒక్కసారి కోటు విప్పండి."

ఆ మాట మైకులో పడింది. తలలన్నీ వేదిక వైపు తిరిగాయి.

"విప్పమనండి, అందులో ఏం దాచారో చూద్దాం," అన్నారు వెనక నుంచి ఎవరో.

మాస్టారు మైకు వదలకుండానే రెండు చేతులతో కోటు బిగించి పట్టుకున్నారు. "నలుగురిలో నా పరువు తీస్తావా?" గడియారం ఒంటిగంటకు దగ్గరపడుతోంది. టైలరు ఇక ఆగలేక, తన కుట్టు తనకు తెలుసు కాబట్టి, సరిగ్గా అక్కడే కత్తెర పెట్టాడు. గుడ్డ మూట ఒకటి జారి, విచ్చుకుని, నోట్లన్నీ ప్రిన్సిపాల్ కాళ్ళ దగ్గర పడ్డాయి.

ముందు వరసలో ఒక అమ్మాయి నెమ్మదిగా లేచింది. "ఫీజులుండాలని చెప్పడానికి ఈయనకెంత ఫీజిచ్చారు సార్?"

అంతే, హాలు దద్దరిల్లింది. కుర్చీలు ముందుకు జరిగాయి. ప్రిన్సిపాల్ మాస్టారి వంక చూశారు, మాస్టారు ప్రిన్సిపాల్ వంక చూశారు. "నాది కాదు," అన్నారిద్దరూ ఒకేసారి.

"నాదండీ," అన్నాడు టైలరు.

ఎవరూ నమ్మలేదు. డబ్బు తనదని చెప్పడానికి కాలేజీవాళ్ళే ఇతన్నీ కుదుర్చుకున్నారన్నారు విద్యార్థులు. విచారణ అయ్యేదాకా డబ్బు తన దగ్గరే ఉండాలంటూ కాలేజీ వాచ్‌మన్ నోట్లు ఏరడం మొదలుపెట్టాడు. ఇన్నాళ్ళూ బావమరిది చేతికి చిక్కని డబ్బు, కళ్ళముందే వాచ్‌మన్ చేతికి పోతోంది.

అప్పుడు కూతురు వేదికెక్కి, మాస్టారి చేతిలోంచి మైకు లాక్కుంది. ఆ పని అంతవరకూ ఎవరివల్లా కాలేదు.

"ఆ గుడ్డ నా స్కూలు యూనిఫాం ముక్క. దానిమీద ఇంకు ఒలకబోసింది నేనే, మరక చూసుకోండి. ఒంటిగంటలోపు కట్టకపోతే నాకు సీటుండదు. చదువు ఉచితమో కాదో మీరు తర్వాత తీరిగ్గా తేల్చుకోండి."

వాచ్‌మన్ గుడ్డ ఎత్తి చూపించాడు. మరక ఉంది. హాలు చల్లబడింది. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది ప్రిన్సిపాల్‌కి. "గుమాస్తా గారూ, ఇక్కడే, అందరి ముందే రసీదు రాయండి," అన్నారు. ముందు వరసలో రసీదు పుస్తకం చంకన పెట్టుకుని తమాషా చూస్తున్న గుమాస్తా ఉలిక్కిపడి లేచాడు. గడియారం ఒంటిగంట కొట్టేలోపు సంతకం పడింది. టైలరు ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని, సిగ్గుపడకుండా ఏడ్చేశాడు.

పిల్లలు ఇంకా తన చిరిగిన కోటు వంకే చూస్తుండటంతో మాస్టారు మైకు తిరిగి తీసుకున్నారు. "నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది ఇదే. కాలేజీ చదువు ఉచితంగానే ఉండాలి."

చప్పట్లు మిన్నంటాయి. ఆ చప్పట్ల మధ్యే ఆయన టైలరు వైపు వంగి, "చింపింది నువ్వే కాబట్టి కోటు ఉచితంగా కుట్టివ్వాలి," అన్నారు.

"ఉచితంగా వచ్చినదానికి విలువుండదు మాస్టారూ," అన్నాడు టైలరు కళ్ళు తుడుచుకుంటూ.

మాస్టారి మాటనే అక్కడికక్కడే తీర్మానంగా పెడితే, విద్యార్థులు, మాస్టారు, వాచ్‌మన్, భయంతో ప్రిన్సిపాల్, చివరికి గుమాస్తా కూడా చేతులెత్తారు. చదువుకు ఎవరూ డబ్బు కట్టనక్కర్లేదని ఏకగ్రీవంగా తేలింది. అప్పటికి ఆ హాల్లో తెగిన రసీదు ఒక్కటే.