టాంపినీస్‌లో ఆల్ప్స్ దర్శనం

స్విట్జర్లాండ్ చూసి రాని తెలుగువాడికి సింగపూర్‌లో తాను ఇంజనీరునని చెప్పుకునే అధికారం లేదు! ఈ చట్టం ఏ పార్లమెంటూ చెయ్యలేదు. మా మేనేజరు మధుసూదనరావుగారు ఒక ఆదివారం టాంపినీస్‌లోని తమ ఫ్లాట్‌లో ప్రకటించారు. అప్పటికప్పుడే అమల్లోకి వచ్చింది.

అవి ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ రెండువేల సంవత్సరంలోకి క్షేమంగా అడుగుపెట్టిన సంబరపు రోజులు. మౌసు ఏ చేత్తో పట్టుకోవాలో తెలిసిన ప్రతివాడికీ రాఫెల్స్ ప్లేస్ ఆఫీసుల్లో ఒక కుర్చీ దొరికేది. మా వంశంలో డిగ్రీ మొహం చూసిన మొదటివాణ్ణి కనుక నాకూ ఒకటి దొరికింది. నా పని టెస్టింగు. అంటే, తెర మీద కనిపించవలసింది కనిపించకపోతే, కనిపించలేదని రాయడం. నిజం చెప్పినందుకు జీతమిచ్చే ఉద్యోగం లోకంలో ఇదొక్కటే కదా అని మురిసిపోయేవాణ్ణి. కాకపోతే నేనింకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. ఉద్యోగం ఖాయం చెయ్యవలసిన సంతకం మధుసూదనరావుగారిది. అది పడకపోతే ఇక్కడ పని చేసుకోనిచ్చే పాసు రద్దు, ఇల్లు ఖాళీ, నేనూ నా భార్య సుచిత్రా పెట్టెలతో సహా ఒంగోలు బస్టాండులో!

మధుసూదనరావుగారు స్విట్జర్లాండ్ వెళ్లి వచ్చారు. వీడియో తీశారు. చూడ్డానికి మమ్మల్ని భోజనానికి పిలిచారు.

"ఏవండీ, అక్కడ టెస్టింగు చెయ్యకండి," అని లిఫ్టులోనే హెచ్చరించింది సుచిత్ర. "బాగుందనండి, తినండి, వచ్చేద్దాం."

హాల్లో అప్పటికే మా సీనియరు శ్యాంసుందరూ, ఆయన భార్య అరుణశ్రీ సోఫా ఆక్రమించి ఉన్నారు. మా ఆఫీసువాడే అయిన హైదరాబాదీ మజీద్ భాయ్ భార్య నిగార్‌తో, కూతురు జారాతో కింద కూర్చున్నాడు. వంటింట్లో బిర్యానీ సిద్ధంగా ఉంది. అయితే దేశం మొత్తం చూశాకే వడ్డన!

వీడియో మొదలైంది. తెర తెల్లగా ఉంది. నీలం పెట్టి ఉతికి ఆరేసిన పంచెలా ఉంది.

"ఇదీ యుంగ్‌ఫ్రావ్! మంచు శిఖరం!" అన్నారు మధుసూదనరావుగారు.

"అబ్బ! ఏం ఠీవి సార్!" అన్నాడు శ్యాంసుందర్.

"కుడివైపు చూడండి, హిమానీనదం."

"పాకుతోంది కూడా!" అంది అరుణశ్రీ గుండె మీద చెయ్యి వేసుకుని.

"ఇక ఇది సరస్సు. నడుమ పడవ."

"క్యా బాత్ హై సార్! పడవ మీద జెండా గూడ సాఫ్ కనిపిస్తున్నది!" అన్నాడు మజీద్ భాయ్.

శిఖరం తెలుపు, నది తెలుపు, సరస్సు తెలుపు, జెండా మరీ తెలుపు! ఆ దేశంలో వారు అడుగుపెట్టింది మొదలు వెనక్కి వచ్చేదాకా పొగమంచు కమ్ముకునే ఉందని నాకు అర్థమైంది. ఆ మాట మాత్రం ఎవరి నోటా రాలేదు.

"ఇప్పుడు పిల్లలకి పోటీ!" అన్నారు మధుసూదనరావుగారి భార్య అరుంధతి ఆంటీ. "ఆవు ఎక్కడుందో చెప్తే స్విస్ చాక్లెట్."

జారా తెర వంక చూసింది. "ఆంటీ, నో కౌ లా..." అని సింగపూర్ యాసలో అనబోయి చాక్లెట్ సైజు చూసింది. "దేర్! టూ కౌస్ లా!"

రెండు చాక్లెట్లు ముట్టాయి.

"ఏం ఉపేంద్రా, నువ్వేం మాట్లాడవు? కేబుల్ కారు చూశావా?" అని అడిగారు మధుసూదనరావుగారు.

సుచిత్ర నా తొడ గిల్లింది. కానీ అడిగింది నా మేనేజరు, చూపిస్తున్నది తెర. డ్యూటీ డ్యూటీయే కదా!

"నాకు తెలుపు తప్ప ఏమీ కనిపించడం లేదండీ. పొగమంచేమో సార్."

శ్యాంసుందర్ నాకు దూరంగా జరిగాడు.

"పొగమంచు చూడ్డానికి అంత దూరం వెళ్తామా బాబూ?" అన్నారు అరుంధతి ఆంటీ.

"ఒకసారి కళ్లు చూపించుకో తమ్ముడూ," అంది నిగార్ జాలిగా.

బిర్యానీలో నా పళ్లేనికి ఒక్క ముక్కా రాలేదు.

బయల్దేరుతుంటే మధుసూదనరావుగారు నన్ను వరండాలోకి తీసుకెళ్లారు. "రేపు బ్యాంకులో డెమో. నువ్వే చేస్తున్నావు."

"మన సాఫ్ట్‌వేర్ ఇంకా తయారవలేదు కదండీ?"

"అవలేదు. తెర తెల్లగా వస్తుంది. ఉన్నట్టు చూపించాలి."

"అమ్మో! శ్యాంసుందర్‌గారైతే బాగా చూస్తారు సార్!"

"వాడు దేన్నైనా చూస్తాడని వాడి మొహం మీదే రాసుంది. నీది అబద్ధం తెలియని మొహం. ఆ మొహంతో నువ్వు కనిపిస్తోందంటే ఎవడైనా నమ్ముతాడు. డెమో గట్టెక్కితే సంతకం. లేదంటే నీ ఇష్టం."

"ఆ మంచులో ఒక్క ఆవుని చూసుంటే ఈపాటికి హాయిగా ఉండేవాళ్లం," అంది సుచిత్ర దారిపొడుగునా.

మర్నాడు బ్యాంకువారి ఏసీ గదిలో ముగ్గురు అధికారులు, నా పక్కన మధుసూదనరావుగారూ కూర్చున్నారు. తెర వెలిగింది. తెల్లగా!

"ఇది... మొదటి పేజీ," అన్నాను. "ఇక్కడ ఖాతా, కింద బటన్."

పెద్ద అధికారి తల పంకించాడు. "వావ్, వెరీ క్లీన్ లా! ఆ ఆకుపచ్చ బటన్ కాస్త కుడికి జరుపుతారా?"

"తప్పకుండా సార్!"

రెండో అధికారి అక్షరాలు మరీ చిన్నవిగా ఉన్నాయన్నాడు. పెంచుతామన్నాను. చివరి కుర్చీలో కూర్చున్న అధికారిణి కళ్లద్దాలు సర్దుకుంది.

"సారీ, నాకేమీ కనిపించడం లేదు. అంతా తెల్లగా ఉంది."

అందరూ ఆమె వంక చూశారు. ఆ తర్వాత నా వంక చూశారు. మధుసూదనరావుగారి మొహం తెర రంగుకి తిరిగింది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం! ఆమె టెస్టింగులో ఉండవలసిన మనిషి. అవును మేడమ్ అందామని నోరు తెరిచాను. ఒంగోలు బస్టాండు కళ్లముందు కనిపించింది, చాలా స్పష్టంగా.

"మేడమ్," అన్నాను ఎంతో మర్యాదగా, "మీరెప్పుడైనా స్విట్జర్లాండ్ వెళ్లారా?"

"లేదు."

"అదీ సంగతి! వెళ్లొచ్చినవాళ్లకైతే ఇట్టే కనిపిస్తుంది."

పెద్ద అధికారి పకపకా నవ్వాడు. "నేను వెళ్లాను! సేమ్ సేమ్!"

ఆమె తన పై అధికారిని చూసింది. కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"ఓ, ఆ ఆకుపచ్చ బటనా? కొంచెం గుండ్రంగా ఉంటే బాగుంటుంది."

సాయంత్రానికల్లా నా ఉద్యోగం ఖాయమైంది. ఇక ఇంజనీరుగా నిలబడాలి కనుక నేనూ సుచిత్రా స్విట్జర్లాండ్ ప్రయాణం పెట్టుకున్నాం, వీడియో కెమెరాతో సహా. పొగమంచు బాగా పట్టే వారం ఏదో ట్రావెల్ ఏజెంటుని కనుక్కుంటున్నాం.