కొండన్న దానపత్రానికి రెండో కొమ్ము

అనగనగా అనడానికి వీల్లేకుండా ఒక పెద్ద అడవి ఇప్పటికీ ఉంది. అందులో పులులు తగ్గిపోయాయి గానీ రిజిస్ట్రేషన్ ఆఫీసు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ అడవిలో కొండన్న అనే దున్నకు వాగు పక్కన ఎండాకాలంలోనూ పచ్చగా ఉండే గడ్డినేల ఉంది. కొండన్నకు వయసు మీద పడింది. తను కన్నుమూస్తే అన్నదమ్ముల మంద వచ్చి ఆ నేలంతా మేసేస్తుందని, తన దూడలు చుక్కమ్మ, ఎర్రన్న పస్తులుంటారని బెంగ పట్టుకుంది. బతికుండగానే నేల వాళ్లకు రాసిచ్చేయాలనుకున్నాడు. అయితే ఖర్చంటే ఆయనకు ఆ బెంగ కంటే పెద్ద బెంగ.

దస్తావేజులు రాసే ముళ్లపంది దగ్గరికి వెళ్లాడు. అది వీపు మీంచి ఒక ముల్లు పీకి సిరాలో ముంచింది.

“అమ్మినట్టు రాస్తే సుంకం తడిసిమోపెడవుతుంది కొండన్న గారూ. రక్తసంబంధీకులకు దానమిస్తే రాయితీ ఉంది. నాకు పేరుకో గడ్డిమోపు ఇప్పించండి. ఇద్దరి పేర్లూ రాసేస్తాను.”

“పేర్లెందుకయ్యా? ‘నా పిల్లలకు’ అని రాస్తే చాలదూ?”

“పేర్లు లేకుండా నేను రాయనండి. రేపు తగాదా వస్తే నా ముళ్లు ఊడతాయి.”

రెండు మోపుల గడ్డి మిగులుతుంటే కొండన్న ఎందుకు వదులుకుంటాడు? విసురుగా బయటికొచ్చేశాడు. ఆఫీసు వరండాలో ఎండ కాగుతున్న అడవిపిల్లి ఒళ్లు విరుచుకుంటూ లేచింది.

“ఏం బాబాయ్, దానపత్రమా? నేను ఊరికే రాసిపెడతాగా. సాక్షుల కోసం కూడా వెతుక్కోనక్కర్లేదు, మా బావమరుదులున్నారు.”

ఊరికే అన్న మాట చెవిన పడగానే కొండన్నకు ఆ పిల్లి మీద కన్నకొడుకు మీదున్నంత ప్రేమ పుట్టుకొచ్చింది. పిల్లి చకచకా రాసేసి, కాగితం చూసి పెదవి విరిచింది.

“అంతా బాగుంది గానీ, ‘పిల్లలకు’ అన్న మాటకు చివర ఒక్కటే కొమ్ముంది బాబాయ్. ఒంటికొమ్ము దున్న రాసిచ్చిన పత్రమని నలుగురూ నవ్వరూ? మధ్యలో ఇంకోటి పెట్టమంటారా?”

కొండన్నకు చదువు రాదు గానీ కొమ్ముల విషయంలో పట్టింపు ఎక్కువ.

“దానికేమైనా ఖర్చా?”

“మీ దగ్గర తీసుకుంటానా బాబాయ్.”

“అయితే పెట్టు. కాస్త వంకీ తిరిగేలా పెట్టు.”

సబ్ రిజిస్ట్రారు ఏనుగు గారు కాగితాలు చదివి కళ్లు పాడుచేసుకునే రకం కాదు. “ఇష్టపూర్వకంగానే ఇస్తున్నావా?” అని అడిగి, కాలెత్తి ముద్ర వేశారు.

మర్నాడు దూడలు మేతకు వెళితే గడ్డినేల నిండా పిల్లులు.

“మేయాలంటే కౌలు కట్టండర్రా. ఈ నేల మాది” అంది అడవిపిల్లి.

కొండన్న రొప్పుకుంటూ ఆఫీసుకు పరిగెత్తాడు. ఏనుగు మొదటిసారి ఆ కాగితం చదివింది.

“‘నా పిల్లులకు’ అని స్పష్టంగా ఉందయ్యా.”

“పిల్లులేమిటండీ, నా పిల్లలకు!”

“మరి ఈ రెండో కొమ్ము ఎవరు పెట్టమన్నారు?”

కొండన్నకు, తన వెంటే వచ్చి ఆకలితో గుమ్మంలో నిలబడ్డ దూడల వైపు చూడడానికి సిగ్గేసింది. గడ్డి మిగిల్చానని రాత్రంతా మురిసిపోయినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఏనుగు ఇంకా చదువుతూనే ఉంది. “అన్నట్టు, పిల్లులు నీకు రక్తసంబంధం కాదు కదా. రాయితీ చెల్లదు. మిగతా సుంకం కట్టేసి వెళ్లు.”

నీతి: పరోపకారం ఎప్పుడూ ఊరికే చేయండి, ఫలితం ఎకరాల్లో వస్తుంది.