గవర్నర్ గారు తాగిన గ్లాసు

గవర్నర్ ముంతసిర్ బాషా గారు కైరోలో నాయకత్వ శిక్షణ ముగించుకుని, సంపూర్ణ పరివర్తన నాయకుడై జిల్లాకు తిరిగొచ్చారు. ఆ శుభవార్త మోసుకుని ఆయన మొట్టమొదట కఫ్ర్ జుమైజాకే రావడం ఆ ఊరి అదృష్టం. అక్కడ మంచినీళ్ల పంపు కాలిపోయి నెల కావస్తోంది. జనం గాడిదబండ్ల మీద కాలవ నీళ్లు తెచ్చుకుంటున్నారు.

నీళ్ల ఇంజనీరు రావియా కొత్త పంపు కోసం ఎదురుచూస్తోంది. పంపు రాలేదు. బాషా గారు దిగారు, వెనకాల టీవీ కెమెరాలు దిగాయి.

"పంపు కాలిపోయిందండీ," అంది రావియా.

"తప్పమ్మా! నాయకుడికి ముందుండాల్సింది దూరదృష్టి. నువ్వు కాలిన పంపును చూస్తున్నావు. నేను రాబోయే పంపును చూస్తున్నాను."

రావియా కూడా అటు చూసింది. అటువైపు గాడిద ఒకటి నిలబడి ఉంది.

శిక్షణలో నేర్పిన రెండో గుణం ప్రజల మాట వినడం. బాషా గారు కుర్చీలో వాలి కళ్లు మూసుకున్నారు. హాజ్జా బహానా అనే ముసలావిడ గోడు వెళ్లబోసుకుంది.

"చిక్కుడు గింజలు నానేసుకుందామంటే చుక్క నీళ్లు లేవు నాయనా! ఆ కాలవ నీళ్లకి నా మనవరాలు మంచం పట్టింది... ఏవిటే అమ్మాయ్, ఈయన గురక పెడుతున్నాడూ?"

"ష్! లోతుగా వింటున్నారు," అన్నాడు సెక్రటరీ నష్అత్.

భోజనంలో బియ్యం కూరిన పావురాలు పెట్టారు. బాషా గారు ఒక పళ్లెం ఖాళీ చేసి, రెండోది కూడా చేసి, మూడో గుణానికి లేచారు. అది ధైర్యం. ఊరి నీళ్లు కెమెరాల ముందు తాగి చూపిస్తారట.

కుళాయి తిప్పారు. బుస్సుమంది. బాషా గారు చలించలేదు. ఖాళీ గ్లాసెత్తి గటగటా తాగి, మూతి తుడుచుకున్నారు.

"తేనె!"

చప్పట్లు మోగాయి.

"నాకూ ఓ గ్లాసు పొయ్యి నాయనా," అంది హాజ్జా బహానా.

సాయంత్రానికి బాషా గారు కడుపు పట్టుకుని ఆసుపత్రిలో చేరారు. పావురాలను ఎవరూ అనుమానించలేదు. తెల్లారేసరికి విచారణాధికారి వచ్చి రావియాను పిలిపించాడు.

"అంత పెద్దమనిషి చేత పాడు నీళ్లు తాగించావు కదమ్మా!"

"నీళ్లే రాలేదండీ. అది ఖాళీ గ్లాసు."

"అంటే, బాషా గారు దేశం ముందు నాటకమాడారంటావా?"

రావియా జీతం మీద ఇంట్లో ఐదుగురు బతుకుతున్నారు.

"లేదండీ... తాగారు."

"అలా దారికి రా. తక్షణం ఊరికి నీళ్లు ఆపెయ్."

"ఆపేశానండీ."

అధికారి ఆమెను ఎగాదిగా చూశాడు. లేచి నిలబడ్డాడు.

"ఇంత వేగమా! వచ్చే శిక్షణకు నీ పేరే పంపిస్తానమ్మా."