పులోళ్ల వంశవృక్షంలో ఒక ఖాళీ గడి

నాకు అన్నిటికంటె ఎక్కువ భయం ఏందంటే, నా బిడ్డ క్లాసుల నిలబడి, టీచర్ అడిగినదానికి చెప్పనీకి ఏమీ లేక, పిల్లలందరు నవ్వుతుంటె తల దించుకొని కూర్చోవుడు. బల్లికి భయపడ. కరెంటుకు భయపడ. అత్తమ్మకు సగమే భయపడుత. ఎనిమిదో తరగతిల నేను గట్ల ఒకసారి కూర్చున్న, మరునాటి సంది బడికే పోలే. అందుకని ఇప్పుడు చెప్పబోయేది నాకు యుద్ధం కంటె తక్కువేం కాదు. యుద్ధాన్ని యుద్ధం లెక్కనే చెప్పాలె గనుక, సావధానులై వినుండ్రి.

ఆషాఢ మేఘమాలికలు చార్మినారు శిఖరచతుష్టయమును తడుముచు తడుపక పోవుచుండగా, పాతబస్తీ బోనాలకింకను ఒక్క వారము మాత్రమే మిగిలియుండగా, వేపమండల వాసనయు, కొత్త సున్నపు వాసనయు, మిర్చిబజ్జీల వాసనయు త్రివేణీ సంగమమై గల్లీ గల్లీన ప్రవహించు శుభవేళ, ఆదివారమునాడు, గౌలిపుర మహాపట్టణమున, రెండు గదులును, ఒక వంటిల్లును, నీళ్లు వదిలిన దినమున మాత్రమే నిండు ఒక నీలి డ్రమ్మును గల రాజప్రాసాదమునందు, మూడవ తరగతి విద్యార్థినియగు స్వీటీ తన సంచినుండి చుట్టచుట్టిన పసుపుపచ్చ చార్టును ఒరనుండి ఖడ్గమువలె వెలికి దీసెను.

"మమ్మీ, ఫ్యామిలీ ట్రీ. రేపే ఇయ్యాలె," అన్నది.

ఎప్పుడు చెప్పిన్రని అడిగితె, పోయిన సోమవారం అన్నది.

అంతట ప్రేమ్‌రాజు పత్నియు, స్వీటీ జననియు, విద్యారణ్యమున ఎనిమిదవ మైలురాయి దాటని పాంథురాలునగు ప్రీతి, అనగా నేను, కొంగు నడుమునకు బిగించి, స్కేలను ధనుస్సు చేతబూని, పన్నెండు స్కెచ్చుపెన్నులను అమ్ములపొది విప్పి, ఆ పసుపు సమరాంగణమున తొమ్మిది గడులను తీర్చితిని. అడుగున స్వీటీ. దాని పైన ప్రేమ్‌రాజు, నేను. ఆ పైన అత్తమ్మ నాగమణమ్మ, కాలం చేసిన మామయ్య. ఆ పైన మామయ్య అమ్మ మాణిక్యమ్మ, ఆమె పెనిమిటి. అన్నిటికంటె పైన మామయ్యకు తాత, వంశకర్త, గుండయ్య. నా పుట్టింటోళ్లకు ఆ చార్టుల చోటే లేదు, ఆ యుద్ధం వేరే. గుండయ్య పక్కన మాత్రం తొమ్మిదో గడి, రెండు వేళ్ల వెడల్పుది, నోరు తెరిచి నన్నే చూస్తున్నది.

"ఒక్క గడి ఖాళీ ఉన్నా, ఎందుకున్నదో ముందటికొచ్చి అందరికి చెప్పాలంట," అన్నది స్వీటీ.

చార్టు పట్టుకొని అత్తమ్మ దిక్కు తిరిగిన.

"అత్తమ్మ, గుండయ్య తాత పెండ్లాం పేరేంది?"

"పులోళ్లామె," అన్నది అత్తమ్మ, చిక్కుడుకాయలు తుంచుకుంట.

"అది పేరు కాదు గద."

"గల్లీ అంత గట్లనే పిల్తురంట. నేను ఈ ఇంటికొచ్చే యాళ్లకు ఆమె లేదు. మా అత్త మాణిక్యమ్మ ఆమెను అత్తా అనేది. కోడలు అత్త పేరు పలుకుతదా? నువ్వు పలుకుతవా నా పేరు?"

"ఇప్పుడే రాసిన గద, నాగమణమ్మ అని."

"రాసుడు వేరే."

అటుపిమ్మట, ముప్పదియేండ్లుగా పొయ్యి ముందర అప్రతిహత సింహాసనాధీశ్వరియు, చిక్కుడు నార సంహారిణియు నగు నాగమణమ్మ, ఒడిలోని పళ్లెరమును దిగువకుంచి, మేఘగంభీర స్వరమున నిట్లనియె: "ఓ కోడలా, ఆలకింపుము. మత్కుల తిలకుండగు గుండయ్య, ఒకానొక నవాబుగారి వేటయందు, గజారూఢుండైన ఆ ప్రభువుపై లంఘించిన శార్దూలమును నిరాయుధుండై ఎదిరించి, దాని దంష్ట్రాకరాళ వదనమును ఉభయహస్తములతో రెండుగా చీల్చెను. అట్టి మహావీరుని నామము వెలుగుచుండగా, పక్కన ఇంకొక నామముతో పనియేమి?"

అని కావ్యములయందు పలుకదగును. నిజంగ అన్నది గిది: "పులి మూతి చింపిండే మా తాత. ఉత్త చేతులతోటి. ఆయన పేరు పెద్దగ రాసి, పక్కన పులిబొమ్మ దించు. ఆ గడి కనపడకుంట పోతది."

"టీచర్ గడులు లెక్కపెడ్తది నానమ్మ," అన్నది స్వీటీ.

బస్ డిపోలో ఇంజన్లను నిద్రలేపి, ఆదివారమున తాను మాత్రము లేవని ప్రేమ్‌రాజు, పక్కమీదనుండియే సంగ్రామమునకు శంఖము పూరించెను. "మనం ముగ్గురు అన్నదమ్ముల సంతానం. ఒకడు ధూల్‌పేట్‌ల ఆగిండు, ఒకడు ఇక్కడ ఆగిండు, ఒకడు బార్కస్ దాటి పోయి మళ్ల రాలే. అది గూడ రాయి."

"పేర్లు చెప్పు రాస్త."

"పెద్దోడు, నడిపోడు, చిన్నోడు."

"కాగితమేదన్న ఉన్నదా ఇంట్ల?"

"ఉండె. నవాబు పులి సంపినందుకు రాసిచ్చిన కాగితాలు, భూమి కాగితాలు, అన్ని మూసీ వరదల కొట్టుకపోయినయ్."

"వరదప్పుడు గుండయ్య తాత సంకల పిల్లగాడని నిరుడు నువ్వే అంటివి. సంకలుండి పులిని చంపిండా?"

ప్రేమ్‌రాజు దుప్పటి మీదికి గుంజుకున్నడు. "వరద రెండుసార్లు వచ్చింది," అని గోడ దిక్కు తిరిగి పన్నడు.

ఇట్లు పురాణత్రయము ఏకకాలమున కూలి నామీద పడగా, నేను చార్టును చూచితిని, గడియారమును చూచితిని, స్వీటీ మొఖం చూచితిని. దాని మొఖంల అప్పుడే రేపటి క్లాసు కనపడుతున్నది. పులిబొమ్మ దించి గడి మూసేద్దమా అని ఒక్క నిమిషం నాకు గూడ అనిపించింది, అబద్ధమెందుకు.

"ఇంకెవలికన్న తెలుస్తదా అత్తమ్మ?"

"ఆగమ్మ ఉన్నది. గుండయ్య చిన్నబిడ్డ, మీ మామకు మేనత్త. ఛత్రినాకల పిండిగిర్ని ఎనక. పదేండ్ల కింద ఒక పెండ్లిల మాట మాట పెరిగి రాకపోకలు బందయినయ్."

"ఏం మాట?"

"పులి లేదన్నది," అన్నది అత్తమ్మ. ఇంకో చిక్కుడుకాయ ఇరిసింది.

తత్క్షణమే నేను సుతాసమేతనై, త్రిచక్ర స్యందనారూఢనై, ఛత్రినాక విజయయాత్రకు వెడలితిని. "నడిస్తే పావుగంట గదమ్మా," అన్నడు ఆటో భాయ్. పోనీయమన్న. అయితే బోనాల కమానులు నిలువబెట్టు వీరభటులు ఒక గల్లీ కడ్డముగా వెదురుబొంగులను పరచియుండగా, రెండవ గల్లీయందు స్పీకర్ల డబ్బాలు గజయూథమువలె నిలిచియుండగా, మూడవ గల్లీయందు రెండు ఆటోలును ఒక నీళ్ల ట్యాంకరును పరస్పర హారనాస్త్రములతో ఘోరముగా పోరుచుండగా, నా రథము ప్రదక్షిణము జేసి జేసి, అర్ధగంటకు బయలుదేరిన చోటికే విజయవంతముగా చేరుకొనెను. దిగి నడిచినం. పావుగంట పట్టింది.

పిండిగిర్ని ఎనక నీలిరంగు తలుపు. కొట్టిన, కొట్టిన, చెయ్యి నొచ్చేదాక కొట్టిన.

"ఎవలది?"

"ప్రేమ్‌రాజు పెండ్లాన్ని అవ్వా. మాణిక్యమ్మ మనుమడు ప్రేమ్‌రాజు."

"పులోళ్లా? మళ్ల పులి లొల్లికే వస్తిరా?"

తలుపు తెరువబడెను. ఆ ద్వారమధ్యమున, కట్టెకంటె సన్నని దేహయష్టియు, దూదికంటె తెల్లని కేశపాశమును, ఎనుబది ఏడు వర్షర్తువులు చెక్కిన ముఖమండలమును గల ఆగమ్మ, మా వంశమునకు మిగిలిన ఏకైక గ్రంథాలయము, ఒక చేత గోడను పట్టుకొని సాక్షాత్కరించెను. స్వీటీని చూసింది. దాని గదుమ పట్టుకొని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "మా అన్న ముక్కే," అని లోపలికి రమ్మన్నది.

మంచం మీద కూర్చోబెట్టి, స్వీటీకి డబ్బాలకెల్లి అటుకులు పెట్టింది. నేను చార్టు సంగతి చెప్పిన. చెవికాడ నోరు పెట్టి చెప్పాలె.

"పులి లేదే పిల్లా. మా నాయిననే పులి."

"అంటే?"

"పీర్ల పండుగకు పులి ఏషం కట్టేది. ఒళ్లంత పసుపు రంగు, నల్లటి శారలు. పొద్దుగాల కూసుంటె మాపటికి పులి అయితుండె. మా అమ్మనే దించేది. ఆమె చెయ్యి వణకదు. తోక గూడ ఆమెనే కుట్టింది, పాత చీరల పత్తి గుక్కి."

"మరి మూతి చింపుడో?"

ఆగమ్మకు నవ్వచ్చింది. "నవాబు ఉండే దేవిడి ముందట ఆడుతుంటె, నవాబు కుక్క ఉరికొచ్చి తోక పట్టింది. పులి గోడెక్కింది. తోక కుక్క నోట్లనే ఉండిపాయె. మా అమ్మ ఊకుంటదా, పది దినాలు కూసొని కుట్టిన తోకాయె. నన్ను పక్కకు నిలబెట్టి పోయి, రెండు చేతులతోటి కుక్క మూతి ఇప్పి, తోక గుంజుకున్నది. నవాబు నవ్వి నవ్వి మా అందరికి షర్బత్ తాపిచ్చిండు. మీరు చెప్పే నవాబు వేట గదే, పులి గదే. నాయిన గోడ మీదనే తాగిండు."

స్వీటీ అటుకులు నమలుడు ఆపింది.

"అవ్వా, ఆమె పేరేంది?"

ఆగమ్మ మూతి ముడుసుకున్నది. "కన్నతల్లి పేరు నోట అంటరా? నేనెన్నడు అనలే." నా దిక్కు తిరిగింది. "సదువుకున్నవా?"

"ఎనిమిది దాక."

"సాలు," అన్నది. అని కుడిచెయ్యి ముందటికి చాపి, రైక చెయ్యి పైకి జరిపింది.

ఆహా, ఏమని వర్ణింతును. మోచేతికి దిగువన, కాలమను జలప్రవాహమున కరగి కరగి నాచువలె పచ్చబడి, ముడుతలను కొండల నడుమ దాగియున్న మూడక్షరముల పచ్చబొట్టు శాసనము. ఏ రాజును చెక్కించనిది, ఏ పండితుడును చదువనిది. మొదటి అక్షరము సులభముగనే లొంగెను: కా. చివరిది ఒత్తుతో సహా లొంగెను: మ్మ. నడిమిది మాత్రము దుర్గములో దాగిన శత్రువువలె ముడుతలో దూరి, ఒకసారి స వలె, ఒకసారి గ వలె, ఒకసారి పుట్టుమచ్చవలె గోచరించుచు నన్ను వంచించెను. మళ్ల ఎనిమిదో తరగతే, మళ్ల గదే బెంచి.

"అవ్వా, నొస్తదా?" అని స్వీటీ చర్మం అటు దిక్కు మెల్లగ గుంజి పట్టింది. నేను ఇటు దిక్కు పట్టిన.

"శ," అన్నది స్వీటీ.

"కాశమ్మ," అన్న నేను.

ఆగమ్మ కండ్లు మూసుకున్నది. "మళ్లొకపారి అను. గట్టిగ."

ఇద్దరం అన్నం. తనను అత్తగారింటికి తోలే ముందు అమ్మనే జాతరల ఆ పచ్చబొట్టు పొడిపించిందని, నొప్పికి తను ఏడుస్తుంటె బెల్లం పెట్టిందని చెప్పింది. ఎవరన్న ఆ పేరు పిలువంగ విని ఎన్నేండ్లాయెనో యాదికి లేదన్నది.

మాపటికి ఇల్లు చేరి అంతా చెప్పిన. అత్తమ్మ మొఖం జూస్తె పులి ఇప్పుడే సచ్చినట్టున్నది. "గోడెక్కిండా?" అన్నది. ఎక్కిండన్న. "గోడ మీదనే తాగిండా?" తాగిండన్న. చిక్కుడుకాయ కూర చల్లగాయె. చివరికి, రాజ్యమును కోల్పోయియు రాజఠీవిని కోల్పోని ఆ మహాసాధ్వి, గొంతు సవరించుకొని అడిగెను:

"కుక్క ఎంతుండెనంట?"

"అవ్వ చెప్పలే అత్తమ్మ."

"నవాబు కుక్క గద. దూడంత ఉంటది. దూడంత అని రాయి."

"దూడెక్కడిదమ్మ, బర్రెంత ఉండొచ్చు," అన్నడు ప్రేమ్‌రాజు.

గట్ల మా ఇంట్ల కొత్త పురాణం మొదలాయె. స్వీటీ మాత్రం ఎవ్వరి మాట వినకుంట, నాలుక బయటపెట్టి, ఎర్ర స్కెచ్చుపెన్నుతోటి తొమ్మిదో గడిల తనే రాసింది. మ్మ గడి దాటింది. దాటనీయమన్న.

సోమవారం బడి గేటు కాడ ఇరువై నిమిషాలు ముందుగాలనే పోయి నిలబడ్డ. స్వీటీ ఉరుక్కుంట వచ్చింది.

"ఏమాయె? టీచర్ ఏమన్న అడిగిందా?"

"కాశమ్మ ఎవరని అడిగింది. మా తాతకు తాతనే పులి, మా కాశమ్మ తాతమ్మ కుక్క మూతి ఇప్పి తోక తెచ్చింది అన్న. అందరు నవ్విన్రు మమ్మీ."

దాని గదుమ పట్టి మొఖం చూసిన. "మరి కూసున్నవా?"

"ఎందుకు కూసుంట? నాకు గూడ నవ్వచ్చింది. మళ్ల చెప్పుమన్నరు, మళ్ల చెప్పిన. టీచర్ చార్టు గోడకు పెట్టింది."

కావున ఓ సకల దిక్పాలకులారా, ఓ గౌలిపుర వాసులారా, ఓ పిండిగిర్నీల యజమానులారా, తెలిసికొనుడు: రెండు వేళ్ల వెడల్పును, ఒక వేలి ఎత్తును గల ఆ దుర్భేద్య చతుష్కోణ దుర్గము, ఒక చిన్నదాని ఎర్ర స్కెచ్చుపెన్ను ధాటికి సంపూర్ణముగా జయింపబడినది. మూడవ తరగతి బీ సెక్షను గోడపై, కిటికీకి కుడివైపున, కాశమ్మ అను జయపతాక ఎగురుచున్నది.

ఇగ మీతోటి ఒక్క మాట. ఈ సంగతి చెప్దామని ఆనాడు రాసుకొచ్చిన నంబరుకు నిన్నటి సంది ఆగమ్మకు ఫోన్ చేస్తున్న, ఎత్తుతలేదు. స్వీటీకి జ్వరమొచ్చి నేను ఇల్లు కదలలేకపోతున్న, అత్తమ్మకు మోకాళ్లు, ప్రేమ్‌రాజుకు బోనాల డ్యూటీ. ఛత్రినాక దిక్కు పోయేటోళ్లు ఎవరన్న ఉంటె, పిండిగిర్ని ఎనక నీలి తలుపు, ఒక్కసారి కొట్టి చూడుండ్రి. గట్టిగ కొట్టాలె, చెవులు మందం. పులోళ్లామె అని, ముసలవ్వ అని పిలువకుండ్రి. ఆగమ్మ అవ్వా అని పేరు పెట్టి పిలువుండ్రి. తిన్నదో లేదో అడిగి, నాకు జర ఫోన్ చేయించుండ్రి.