సంచిలో పిల్లి, గేటు బయట సార్

బిజినేపల్లి బడిలో ఇంగ్లిష్ చెప్పేది ఇద్దరే: పద్మావతి మేడం, సతీష్ సార్. పై అధికారి వచ్చి పాఠాలు విని, ఇద్దరిలో ఒకరిని అడవిలో ఉన్న మన్ననూర్ బడికి పంపిస్తాడని కబురు. పాఠం తేలిపోయినవాళ్లకే అడవి రాసిపెట్టి ఉందని పద్మావతి నమ్మకం. గృహప్రవేశం చేసి మూడు నెలలైనా కాలేదు, అప్పుడే మూటాముల్లె సర్దడమా అని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

అందుకే ఆ పొద్దున పప్పు తాలింపు పెడుతూనే పథకం వేసింది. "లెట్ ద క్యాట్ అవుట్ ఆఫ్ ద బ్యాగ్" అనే నుడికారం చెప్పాలి. ఊరికే చెబితే ఏం బాగుంటుంది? సంచిలోంచి నిజం పిల్లినే తీస్తే అధికారి నోరెళ్లబెట్టాల్సిందే.

పిల్లి బడిలోనే ఉంది. మధ్యాహ్న భోజనం వండే ఈదమ్మ దాన్ని బియ్యానికి కాపలా పెట్టుకుంది. "జర పైలం మేడం. ఇది పోతే ఎలుకలు నా బియ్యం బుక్కుతయ్," అంటూనే సంచిలో వేసి ఇచ్చింది.

పద్మావతి వరండా దిగిందో లేదో, గేటు ముందు జీపు హారన్ మోగింది. పిల్లి బెదిరి సంచి చించుకుని దూకింది. అధికారి భీమయ్య కుడికాలు లోపల పెట్టబోతుంటే సరిగ్గా ఆయన ముందు నుంచే అడ్డంగా పరుగెత్తింది. ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"పిల్లి అడ్డమొచ్చింది. ముందుగాల ఇంకెవలన్న దాటున్రి, అటెంక నేనొస్త," అని జీపెక్కి కూర్చుని మంచినీళ్లు అడిగాడు.

నీళ్లు ఇవ్వాలన్నా గేటు దాటాలి కదా. హెడ్మాస్టర్ జంగయ్య చెంబుతో పరుగున వచ్చి గడప దగ్గర గుంజకు కట్టేసినట్టు ఆగిపోయాడు.

"నువ్వియ్యి మేడం."

"మీరు పెద్దలు సార్. మీకంటె ముందు నేనెట్ల పోత?"

"పెద్దోన్ని గనకనే చెప్తున్న."

డ్రైవర్ను దాటమంటే, సాయంత్రం దాకా బండి నడిపేది తానేనని గుర్తుచేశాడు. ప్రార్థన అయిపోయింది. మొదటి పీరియడ్ గంటా కొట్టారు. పిల్లలు కిటికీలకు వేలాడి తమాషా చూస్తున్నారు.

"పది నిమిషాలు జూస్త. లేకుంటే పాఠం జరగలేదని రాసి వాపస్ పోత," అన్నాడు భీమయ్య.

ఇది పద్మావతి చేజేతులా చేసుకున్నదే. ఏమైతే అదైందని కళ్లు మూసుకుని అడుగెత్తింది. అంతలో రోజూలాగే ఆలస్యంగా వచ్చిన సతీష్ సార్ బైకు రయ్యిన లోపలికి దూసుకుపోయింది. అరిష్టం ఆయన ఖాతాలో పడిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

పద్మావతి తరగతిలోకి ముందే ఉరికింది. "పిల్లి ముచ్చట సార్ ముంగట ఎత్తకున్రి బిడ్డా," అని పిల్లల్ని బతిమిలాడింది. భీమయ్య వచ్చి కూర్చోగానే పాఠం అందుకుంది. వెనకటికి ఇంగ్లిష్‌వాళ్ల సంతలో పందిపిల్ల అని చెప్పి సంచిలో పిల్లిని అంటగట్టేవారట, మూతి విప్పితే బండారం బయటపడేదట, దాచిన సంగతి బయటపడితే ఆ మాట వాడతారట.

"సమజైందా పాపా? గిసుంటిదే ఒక ముచ్చట నువ్వు చెప్పు," అని భీమయ్య ముందు బెంచీలోని పావనిని అడిగాడు.

"మీకు అడ్డమొచ్చిన పిల్లిని మా మేడమే సంచిల తెచ్చింది సార్. మీకు చెప్పొద్దన్నది."

భూమి చీలితే బాగుండుననిపించింది పద్మావతికి. భీమయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు.

"చూసినవా హెడ్మాస్టర్ సాబ్, పిల్లకు ఎంత మంచిగ ఎక్కిందో. మన్ననూర్‌ల గిసుంటి మేడమే గావాలె. సోమవారమే పంపున్రి."

గేటు దగ్గరే పొద్దుపోయింది గనక సతీష్ సార్ పాఠం వినే తీరిక అధికారికి లేకపోయింది. ఆ పాఠాన్ని ఇప్పటిదాకా ఎవరూ వినలేదు.