ముంగిస రాతకి తలపాగా

ఒక పెద్ద అడవిలో, జంతువులకి బడి చదువు చాలక ఇంకా ఆకలేస్తున్న రోజుల్లో, కొండగుహలో పైచదువుల పీఠం ఒకటి ఉండేది. అందులో చేరాలంటే సొంతంగా రాసిన రాత ఒకటి పంపాలి. ఏడాదికి ఒక్కటే సీటు.

ముంగిసకి ఆ చదువు మీదే ప్రాణం. ఏ పుట్టలో పాముందో మట్టి వాసనతో ఎలా పసిగట్టాలో చక్కగా రాసింది. సీటొస్తే పసిపిల్లల తల్లులందరికీ ఆ విద్య నేర్పాలని దాని ఆశ.

పంపేముందు నక్కకి చూపించింది. నక్క అందరి రాతలూ దిద్దిపెట్టి, భోంచేసి పోయే రకం.

"బాగానే ఉందమ్మాయ్. తలపాగా లేదు," అంది నక్క.

అంటే, అన్నిటికన్నా పైన ఎవరో మహానుభావుడి మాట ఒకటి పెట్టాలట. అందరికీ తెలిసినవాడైతే అలుసట. ఎవరికీ తెలియనివాడైతే, తెలియదని ఒప్పుకోలేక పెద్దలు దండం పెడతారట.

దారిలో మడుగు దగ్గర ఒక కప్ప తన పెళ్ళాంతో అంటోంది, లోపల తడుంటే పైన ఎండైతే ఏం అని. ముంగిస ఆ మాటే పైన రాసి, కింద మడుగుస్వామి అని పేరు పెట్టింది.

గుహలో రాతలు చూసి సీటిచ్చే ఏనుగు, గుడ్లగూబ ఆ మాట దగ్గరే ఆగిపోయాయి. స్వామి దగ్గరే తాను చదువుకున్నానంది ఏనుగు. వానాకాలమంతా ఆయన తన తొర్రలోనే ఉన్నాడంది గుడ్లగూబ. కిందది చదవడానికి పొద్దు చాల్లేదు.

మర్నాడు ముంగిసని పిలిచి, "అంతటి గురువుండగా నీ మాటలెందుకు తల్లీ, ఆయన్నే తీసుకురా," అంది ఏనుగు ప్రేమగా. సీటు కూడా ఆయనకేనట.

ఆయన వట్టి కప్ప అని ముంగిస ఒప్పేసుకుంది. ఏనుగూ గుడ్లగూబా మొహాలు చూసుకున్నాయి. నిన్న అన్నదంతా ఎలా దిగమింగడం?

"కప్ప రూపంలో ఉంటారని మాకూ తెలుసు," అంది గుడ్లగూబ.

అలా కప్ప చేరింది. పాపం దానికి అక్షరాలు రావు. ఏమడిగినా ఆ తడి మాటే చెప్పేది, వాళ్ళు తలలూపేవారు. ఏడాది తిరిగేసరికి పీఠానికి పెద్దయింది.

మళ్ళీ ఏడు ముంగిస తన రాతని తలపాగా లేకుండా పట్టుకెళ్ళింది. గుమ్మంలోనే దాని ముక్కు అదిరింది.

"అయ్యా, కప్పగారి ఆసనం కింద పాముంది. ఎలా తెలుస్తుందో ఇందులో రాశాను."

"అది ఏ మహానుభావుడి మాట?" అంది గుడ్లగూబ.

"నా మాటేనండి."

"అయితే వెళ్ళిరామ్మా."

మర్నాటికి ఆసనం ఖాళీ. కొత్త పెద్ద కావాలని గుహ బయట ప్రకటన వేలాడదీశారు. పైన, అందంగా, మడుగుస్వామి మాట.

నీతి: తలపాగా ఘనంగా ఉంటే, తల పోయిన సంగతి ఎవరికీ తెలియదు.