ఖాళీగానే ఉన్నావుగా!

పని మధ్యలో మనిషిని కదిలించడమంత పుణ్యం ఇంకోటి లేదు! కాదంటారా? అయితే మన ప్రోగ్రామరమ్మ సంగతి వినండి.

ఆవిడ రాసే ప్రోగ్రాముల్లో కొరూటీన్లని కొన్ని ఉంటాయి. కాస్త పని చేసి ఆగడం, మళ్ళీ పిలిస్తే ఆగిన చోటి నుంచే అందుకోవడం వాటి పద్ధతి. అలాంటిదాన్ని ఆపాలంటే ముందు దాని స్థితి కనుక్కోవాలి. అసలు మొదలైందా? నడుస్తోందా? ఆగి ఉందా? అయిపోయిందా? కనుక్కోకుండా ఆపితే సగంలో ఉన్న పనంతా గల్లంతే. ఆవిడ రాసిన ఆ జాగ్రత్తలో ఎక్కడో తప్పు దొర్లింది. సాయంత్రంలోగా దాన్ని పట్టుకుని సరిచెయ్యకపోతే ఆవిడ ప్రాజెక్టు ఇంకొకరి పాలవుతుంది.

ఆవిడ కళ్ళు మూసుకుని ఆలోచిస్తోంది. తప్పు తాలూకు తోక చేతికి చిక్కినట్టే ఉంది. సరిగ్గా అప్పుడే మేనేజరు ఊడిపడ్డాడు.

“ఖాళీగానే ఉన్నావుగా అమ్మా! ఆ కొరూటీన్ని అడక్కుండా కదిలించకూడదు సుమా. మహా సున్నితం!”

“అదే చూస్తున్నా సార్.”

“చూడు, చూడు. నేనేం డిస్టర్బ్ చెయ్యను,” అంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఎంత శ్రద్ధ! తోక కాస్తా జారిపోయింది.

ఆయన లెక్క తేలిక. వేళ్ళు ఆడితే పని, ఆగితే ఖాళీ. ఆఫీసంతా అదే లెక్క. పెన్ను అడగడానికొకడు, ఏమీ అడగడానికి లేక “ఏంటలా డల్‌గా ఉన్నావ్?” అని ఓదార్చడానికొకడు. ఒంటరితనం ఆవిడ ఛాయలకైనా రాగలదా? ఇంటి నుంచి తమ్ముడు ఫోను: “అక్కా, బిజీనా? సరే గానీ...” ఆ ‘సరే గానీ’ చూశారూ, జవాబు చెప్పే శ్రమ కూడా తప్పించింది!

ఆవిడకి ఒళ్ళు మండింది. ఊరికే కీబోర్డు టకటకలాడించింది. అందరూ దూరం నుంచే తప్పుకున్నారు. కానీ పిచ్చిరాతలు రాస్తూ ఆలోచించడమెలా? చివరికి లాప్‌టాప్ చంకన పెట్టుకుని బాత్రూములోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. ఆ ఆఫీసుకి ఉన్నదదొక్కటే. తప్పు అక్కడే దొరికింది. గబగబా సరిచేస్తోంది.

తలుపు చప్పుడైంది.

“లోపల ఎవరైనా ఉన్నారా?” మేనేజరు గొంతు.

“ఉన్నా సార్! పని మధ్యలో ఉన్నా!”

“అయ్యో, సారీ అమ్మా! తొందరేం లేదు, నిదానంగా కానివ్వు,” అని చప్పుడు కాకుండా వెళ్ళిపోయాడు.

ఆవిడకి కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆవిడ పనికి దక్కిన మొదటి మర్యాద అది. అదీ వేరే పనేమో అనుకుని!